ఎండదెబ్బ – పాడి రైతు హక్కు



దీపావళి వెళ్ళగానే ముషీరాబాద్, నారాయణగూడలలో సదర్ ఉత్సవం జరుగుతుంది. దున్నపోతులకు నూనె రాసి, పూలదండలు వేసి ఊరేగిస్తారు. అదే ముషీరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం రేకుల కప్పు క్రింద గేదె నోరు తెరచి రొప్పుతూ ఉంటుంది. గేదెది నల్లని తోలు; చెమట గ్రంథులు ఆవు కంటె తక్కువ. ఎండ ముదిరితే మేత మానుతుంది, పాలు తగ్గిస్తుంది, ఎద సరిగా కనిపించదు. సభ్యుని పాల బిల్లు ఆ మేరకు పడిపోతుంది.

ఈ వేడి ఎందుకు పెరుగుతున్నది? బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చగా వచ్చే బొగ్గుపులుసు వాయువు భూమి చుట్టూ దుప్పటివలె వేడిని పట్టి ఉంచుతున్నది. పశువులు నెమరు వేసేటప్పుడు విడిచే మీథేన్ వాయువు కూడ కొంత కారణమే. ఆ మాట దాచనక్కరలేదు. అయితే నూరేండ్లకు పైగా బొగ్గు కాల్చి ధనవంతమైన దేశాలకు, రెండు గేదెలు గల సభ్యునికి బాధ్యత సమానం కాదు. నష్టం మాత్రం ముందుగా ఈ సభ్యునికే తగులుతున్నది. ఇది న్యాయానికి సంబంధించిన విషయం.

2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో 1,500 మందికి పైగా మరణించారు. కూలీలు, వృద్ధులే ఎక్కువగా బలి అయ్యారు. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు, బట్టమేక పిట్ట కేసులో, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుండి రక్షణ పొందడం రాజ్యాంగం 14, 21 అధికరణాల క్రింద పౌరుల హక్కు అని తీర్పు చెప్పింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మరణించినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల సహాయం నిర్ణయించింది. ఇది ఎవరి దయా కాదు. అయితే కాగితం లేనిదే హక్కు చేతికి రాదు. కాబట్టి:

1. వడదెబ్బతో ఎవరైనా మరణిస్తే అంత్యక్రియలకు ముందే తహసీల్దారుకు, పోలీసులకు, ప్రభుత్వ వైద్యునికి తెలియజేయవలెను.

2. పశువు బీమా ప్రీమియం గడువులోగా కట్టవలెను. చెవిపోగు ఊడిపోతే వెంటనే తెలుపవలెను.

3. పాల సేకరణ రిజిస్టరులో ఏ పూట పాలు ఆ పూటే వ్రాయవలెను. ఎండకు పాలు ఎంత తగ్గాయో చెప్పే సాక్ష్యం అదే. వేసవి నష్టాన్ని సర్వసభ్య సమావేశంలో తీర్మానంగా వ్రాసి పై అధికారులకు పంపవలెను.

4. పశువును మధ్యాహ్నం నీడన కట్టి, రోజుకు రెండు మూడుసార్లు తడిపి, తెల్లవారుజామున, రాత్రి మేత వేయవలెను.

రేకులపై వరిగడ్డి పరచడానికి పెద్ద ఖర్చు కాదు. ఈ వేసవికి ముందే ఆ పని చేయండి.

– సహకార ఇన్‌స్పెక్టర్