కొత్త కార్వెట్: మొదటి ఎనిమిది వందల కిలోమీటర్లు

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బౌలింగ్ గ్రీన్ అని ఒక ఊరుంది. షెవర్లే కార్వెట్లన్నీ తయారయ్యేది అక్కడే. 1953లో మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్‌లో 300 కార్లతో మొదలైన ఈ బండి, సెయింట్ లూయిస్ మీదుగా 1981లో ఈ ఊరు చేరింది. ఫ్యాక్టరీకి కూతవేటు దూరంలో నేషనల్ కార్వెట్ మ్యూజియం ఉంది. కొన్నవాళ్లు కాస్త అదనంగా చెల్లిస్తే డీలరు దగ్గర కాకుండా ఆ మ్యూజియంలోనే తమ కారును అందుకోవచ్చు. అక్కడి సిబ్బంది పక్కన కూర్చుని ప్రతి మీటా ఏం చేస్తుందో ఓపిగ్గా చెప్పి తాళం చేతికిస్తారు. హైవేకి అవతలి పక్కన మ్యూజియం వారిదే రేస్ ట్రాక్ కూడా ఉంది.

చేతిలో దాదాపు 500 హార్స్‌పవర్ బండి, ఎదురుగా ట్రాక్. అయితే కారుతోపాటు ఇచ్చే పుస్తకం మాత్రం ఇప్పుడే అటు వెళ్లొద్దంటుంది. మొదటి 2,400 కిలోమీటర్లు పూర్తయ్యే దాకా ట్రాక్ మీదికి తీసుకెళ్లకూడదు. మొదటి 800 కిలోమీటర్లు ఇంజిన్‌ను నిమిషానికి 4,000 చుట్లు దాటనివ్వకూడదు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి బయల్దేరకూడదు. మొదటి 320 కిలోమీటర్లు బ్రేకు గట్టిగా కొట్టకూడదు, మలుపులు వేగంగా తిప్పకూడదు. ఈ ఇంజిన్ పైకి 6,600 చుట్ల దాకా వెళ్లగలదు. అంటే కొన్నవాడికి మొదటి వారాల్లో దక్కేది కారులో ఒక భాగమే.

అందుకే కొత్త స్పోర్ట్స్ కారు గురించి ఎవరైనా మొదటి అనుభవం చెబుతుంటే నేను ముందు వినేది వేగం సంగతి కాదు. వేగం మాట అప్పటికి ఇంకా తొందరే. సీటు, చూపు, స్టీరింగ్, రోడ్డు మీద కుదుపు, గేర్లు, చప్పుడు: ఇవి మాత్రం మొదటి రోజే నిజం చెబుతాయి. కారుతో ఏళ్ల తరబడి బతికేవాడికి అక్కరకొచ్చేవీ ఇవే.

ముందు ఆ ఆంక్షలు ఎందుకో చూద్దాం. స్కూటర్ల కాలంలో షోరూమువాళ్లు కొత్త బండి ఇస్తూ నలభై దాటొద్దని చెప్పి పంపేవారు. ఇంజిన్ టైట్‌గా ఉంటుంది, ఫ్రీ అవ్వాలి అని మెకానిక్‌లు అనేవారు. ఆ మాటలో శాస్త్రం ఉంది. సిలిండర్ లోపలి గోడను పూర్తిగా నునుపు చేసి వదలరు. ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకునే సన్నని గీతలు కావాలనే గీస్తారు, ఆయిల్ వాటిలో నిలవాలని. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఆ గోడకు ఆనుకుని జారుతుంటాయి. ఇంధనం మండినప్పుడు పుట్టే పీడనం రింగు వెనక్కి చేరి దాన్ని గోడకేసి నొక్కుతుంది. ఆ నొక్కుడుకు గీతల మీది అతి చిన్న గరుకు మొనలు అరిగి, రింగు అంచూ గోడా ఒకదానికొకటి కుదురుకుంటాయి. కొత్త రోలు కొన్నవాళ్లు మొదట తవుడో ఊకో వేసి రుబ్బి, రాతిపొడి అంతా పోయాకే పప్పు వేసినట్టు, ఇక్కడ కూడా తొలి రాపిడి ఒక పద్ధతిలో జరగాలి.

ఇందులో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. బండిని మరీ మెల్లగా నడపడం కూడా మంచిది కాదు. పీడనం చాలకపోతే రింగులు గోడకు సరిగా కుదరవు. మరీ గట్టిగా నడిపితే వేడి ఎక్కువై రాపిడి అదుపు తప్పుతుంది. అందుకే కార్వెట్ పుస్తకం ఒకే వేగంతో ఎక్కువసేపు పోవద్దంటుంది. క్రూయిజ్ కంట్రోల్ పెట్టి కాలు తీసేయడం కూడా వద్దంటుంది. వేగం, భారం మారుతూ ఉండాలి. ఖాళీ హైవే మీద గంటల తరబడి ఒకే వేగంతో పోవడం కంటే ఎత్తుపల్లాలూ వంపులూ ఉన్న పల్లె రోడ్డు మీద మితంగా తిరగడం కొత్త ఇంజిన్‌కు మేలు. కెంటకీలో అలాంటి రోడ్లకు కొదవ లేదు.

ఇప్పటి యంత్రాలు భాగాలను అతి కచ్చితంగా కోస్తాయి కదా, ఇదంతా పాత చాదస్తం కాదా అని అడిగేవాళ్లుంటారు. నిజమే, పాత ఇంజిన్లకు కావలసినంత జాగ్రత్త ఇప్పుడు అక్కర్లేదు. కానీ కుదురుకోవలసింది ఇంజిన్ ఒక్కటే కాదు. గేర్ల పళ్లు, చక్రాలకు బలాన్ని పంచే డిఫరెన్షియల్, బ్రేకులు, టైర్లు అన్నీ కొత్తవే. కొత్త టైరు పైపొరలో అచ్చు నుంచి సులువుగా ఊడి రావడానికి వాడిన పదార్థం జాడలుంటాయి. అది అరిగిపోయేదాకా పట్టు తక్కువ. బ్రేకు సంగతి ఇంకా ఆసక్తికరం. బ్రేక్ ప్యాడ్ డిస్క్‌ను కేవలం రుద్దదు, కొద్దికొద్దిగా తన పదార్థాన్ని డిస్క్ మీద పల్చని పొరగా వదులుతుంది. ఆ పొర అంతటా సమంగా పరచుకున్నాకే బ్రేకు నమ్మకంగా పడుతుంది. అది కుదరకముందే గట్టిగా తొక్కి, వేడెక్కిన డిస్క్ మీద ప్యాడ్‌ను అలాగే నొక్కి ఉంచితే పొర అక్కడక్కడా మందంగా అంటుకుని, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా పెడల్ అదురుతుంది.

యజమాని ఓపిక మీదే అంతా వదిలేయకుండా కంపెనీ ఇంకో పని కూడా చేసింది. మొదటి 800 కిలోమీటర్లలో కింది గేర్లలో ఇంజిన్ బలాన్ని కంప్యూటరే కొంత తగ్గించి ఉంచుతుంది. కాబట్టి డెలివరీ రోజే ఆగిన చోటి నుంచి గంటకు వంద దాకా ఎన్ని సెకన్లలో వెళ్లిందో కొలిచి నిరాశపడితే, ఆ నిరాశకు అర్థం లేదు. కొలిచిన బండి ఇంకా పూర్తి బలంతో లేదు.

ఇక మొదటి రోజే తెలిసేవాటి దగ్గరికి వద్దాం. 2019 జులైలో లోకానికి చూపించి, 2020 మొదట్లో తయారీ మొదలుపెట్టిన ఈ ఎనిమిదో తరం కార్వెట్‌లో అన్నిటికన్నా పెద్ద మార్పు ఇంజిన్ ఉండే చోటు. అంతకుముందు దాదాపు డెబ్బై ఏళ్లపాటు అమ్మిన కార్వెట్లన్నిటికీ ఇంజిన్ ముందే ఉండేది. దాన్ని వెనక్కి తేవాలని జోరా ఆర్కస్ డంటోవ్ అనే ఇంజినీరు 1960ల నుంచే పట్టుబట్టి, ప్రయోగాత్మక కార్లు తయారు చేయించాడు. ఆ కోరిక తీరకుండానే 1996లో కన్నుమూశాడు. ఆయన అస్థికలు ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. కొత్త కార్లు అందజేసే చోటే ఆయన ఉండటం తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది.

ఇంజిన్ వెనక్కి వెళ్లడంతో డ్రైవరు సీటు పాత కారుకంటే దాదాపు 42 సెంటీమీటర్లు ముందుకు జరిగింది. పాత కార్వెట్‌లో పొడవాటి బానెట్ మీదుగా రోడ్డును వెతుక్కోవాలి. ఇందులో బానెట్ కిందికి వాలి ఉండటంతో చక్రాలకు కాస్త ముందున్న రోడ్డు దాకా కనిపిస్తుంది. మొదటి మలుపులోనే తేడా తెలిసిపోతుంది. ముక్కు మీద బరువు తక్కువ కాబట్టి స్టీరింగ్ తిప్పీ తిప్పకముందే బండి అటు తిరుగుతుంది. బరువులో సుమారు 60 శాతం వెనక చక్రాల మీద పడుతుంది. బలం అందేది కూడా ఆ చక్రాలకే కాబట్టి బయల్దేరేటప్పుడు అవి ఊరికే గిర్రున తిరగకుండా రోడ్డును పట్టుకుంటాయి. ఇది తెలియడానికి వేగం అక్కర్లేదు. ఊళ్లో ఒక కూడలి దగ్గర మామూలుగా తిరిగినా చాలు.

వెనక చూపు మాత్రం పోయింది. ఇంజిన్ అడ్డం రావడంతో అద్దంలో కనిపించేది కొద్దిగానే. అందుకే వెనక కెమెరా బొమ్మను అద్దంలోనే చూపించే ఏర్పాటు కొన్ని మోడళ్లలో ఇచ్చారు. కళ్లు ఆ తెరకు అలవాటు పడటానికి కొంత సమయం పడుతుంది. 2026 మోడల్ రాకముందు వరకు డ్రైవరుకీ పక్క సీటుకీ మధ్య ఏసీ మీటలు పొడవాటి వరసగా పేర్చి ఉండేవి. ఆ వరస చూసి మొదట్లో చాలామంది ముఖం చిట్లించారు. నా మటుకు నాకు అది నచ్చింది. రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా వేలితో తడిమి పట్టుకునే మీట, తెరలో వెతుక్కునే బొమ్మకంటే ఎప్పుడూ మేలే.

గేర్లు ఎనిమిది. మాన్యువల్ లేదు, రెండు క్లచ్‌ల పెట్టె ఒక్కటే. ఒక క్లచ్ ఇప్పటి గేరును నడుపుతుంటే రెండోది తర్వాతి గేరును సిద్ధంగా పట్టుకుని ఉంటుంది. అందుకే మార్పులో కుదుపు తెలియదు. 4,000 చుట్ల హద్దులో నడిపినా ఈ మెత్తదనం పూర్తిగా అనుభవంలోకి వస్తుంది. ఇంజిన్ 6.2 లీటర్ల వి8. పెద్ద ఇంజిన్ కావడంతో తక్కువ చుట్లలోనే బలం దండిగా ఉంటుంది, పై చుట్లు అందలేదన్న వెలితి పెద్దగా ఉండదు. దీని అన్న లాంటి జడ్06 సంగతి వేరు. దాని 5.5 లీటర్ల ఇంజిన్ 8,600 చుట్ల దాకా వెళ్లి అక్కడే తన అసలు స్వరం వినిపిస్తుంది. దాన్ని కొన్నవాళ్లకు ఈ 4,000 హద్దు నిజంగా కష్టమే.

కుదుపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. స్పోర్ట్స్ కారంటే నడుం విరగ్గొట్టే బండి అనే అభిప్రాయం మనలో బలంగా ఉంది. అదనంగా డబ్బు కట్టి తీసుకునే మాగ్నెటిక్ రైడ్ డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) ఉంటే ఆ అభిప్రాయం తొలి గంటలోనే మారుతుంది. వీటిలోని ద్రవంలో అతి సన్నని ఇనుప రేణువులుంటాయి. కరెంటు పంపితే అయస్కాంత బలానికి అవి వరసకట్టి ద్రవం చిక్కబడుతుంది, ఆపితే పల్చబడుతుంది. సెన్సర్లు క్షణక్షణమూ రోడ్డును చదువుతూ ఆ చిక్కదనాన్ని మారుస్తుంటాయి. అదే బండి టూర్ మోడ్‌లో మెత్తగా, ట్రాక్ మోడ్‌లో బిగువుగా ఉంటుంది. ఈ డ్యాంపర్లు లేని కారు నడిపినవాడి మాటా, ఉన్న కారు నడిపినవాడి మాటా ఒకటి కావు.

చలికాలంలో కారు అందుకున్నవాళ్లను భయపెట్టే విషయం ఇంకొకటుంది. పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలితే ముందు చక్రాలు గంతులేసినట్టు కటకట చప్పుడు చేస్తాయి. ఏదో విరిగిందనుకుంటారు. కారణం చిన్నదే. వెడల్పాటి ముందు టైర్లు రెండూ పూర్తి మలుపులో ఒకే కేంద్రం చుట్టూ కచ్చితంగా తిరగవు. దాంతో రబ్బరు కొద్దిగా మెలితిరిగి, పట్టు వదిలి, మళ్లీ పట్టుకుంటుంది. వేసవి టైర్ల రబ్బరు చలికి గట్టిపడటంతో అది చప్పుడుగా వినిపిస్తుంది. వాతావరణం వేడెక్కితే తగ్గిపోతుంది. ఇది లోపం కాదని కంపెనీయే చెబుతుంది. ఆ టైర్లతో సుమారు 5 డిగ్రీల కంటే చల్లని రోడ్డు మీద వెళ్లేటప్పుడు మాత్రం నిజంగానే జాగ్రత్తగా ఉండాలి, పట్టు బాగా పడిపోతుంది.

కారు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి ముందు భాగాన్ని పైకెత్తే ఏర్పాటు కూడా తీసుకోవచ్చు. మీట నొక్కితే మూడు సెకన్లలోపే ముక్కు 40 మిల్లీమీటర్లు లేస్తుంది. ముక్కు ఎత్తిన చోటును గుర్తుంచుకోమని చెబితే, కారు మరోసారి అక్కడికి రాగానే తనంతట తానే లేస్తుంది. అలా వెయ్యి చోట్ల దాకా గుర్తుంచుకుంటుంది. ఇది చదివి మన స్పీడ్ బ్రేకర్లు గుర్తురాని తెలుగువాడు ఉండడు. అయితే ఈ కారును భారత్‌లో కంపెనీ అమ్మడం లేదు. జనరల్ మోటార్స్ 2017 చివరికే ఇక్కడ కార్ల అమ్మకం ఆపేసింది. కాబట్టి కొత్త కార్వెట్ అందుకునే తెలుగువాళ్లు అమెరికాలోనో, ఇంకో దేశంలోనో స్థిరపడ్డవాళ్లే. అక్కడి బంధువో స్నేహితుడో కారు తీసుకుని ఎలా ఉందో చెబుతుంటే మూడు సంగతులు అడగండి: మీటరు మీద ఎన్ని మైళ్లు తిరిగింది, ఏ టైర్లు ఉన్నాయి, ఆ రోజు చలి ఎంత. ఆ జవాబులను బట్టి వాళ్ల మాటల్లో ఏది కారు గుణమో, ఏది కొత్తదనం వల్ల వచ్చిందో విడదీయవచ్చు.

2,400 కిలోమీటర్లు పూర్తయ్యాక కూడా నేరుగా ట్రాక్ మీదికి ఎక్కడం కుదరదు. పెట్రోలు కొట్టించినప్పుడల్లా ఇంజిన్ ఆయిల్ చూసుకుంటూ రావాలి, ట్రాక్‌కు వెళ్లే ముందు టైర్లలో గాలిని సరిచేయాలి. బ్రేకులకు మరో విడత తయారీ ఉంది. వేగం అందుకుని ఒక మోస్తరుగా బ్రేకు తొక్కడం, మళ్లీ వేగం అందుకోవడం, ఇలా వరసగా చాలాసార్లు చేసి, తర్వాత బ్రేకు ముట్టకుండా కొంత దూరం నడిపి చల్లారనివ్వాలి. రద్దీ లేని చోటు చూసుకుని, చట్టం ఒప్పుకునే వేగంలోనే ఇదంతా చేయాలి.