ప్రధాని మీద కోపం వస్తే మన చేతిలో ఏముంది? పీవీ ఐదేళ్ల లెక్క

దూలపల్లి నుంచి మాట్లాడుతున్నా. వెనకాల సౌండ్ వస్తే ఏమనుకోకండి, మా గల్లీలో బోర్ వేస్తున్నారు. పొద్దున ఆరింటి నుంచి ఇదే మోత.

మొన్న సుచిత్ర దగ్గర చాయ్ తాగుతుంటే మా దోస్త్ వాళ్ల తమ్ముడు ఒకటి అడిగాడు. వాడికి మొన్ననే ఓటు వచ్చింది. "అన్నా, ప్రధానమంత్రి సరిగ్గ పని చేస్తలేడనుకో. ఐదేండ్లు గట్లనే చూసుకుంట కూసోవాల్నా? యాప్‌లో సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ చేసినట్టు చెయ్యరాదా?" అన్నాడు. అందరం నవ్వినం. కానీ ఇంటికొచ్చాక ఆలోచిస్తే, వాడు అడిగింది చిన్న ప్రశ్న కాదు. ఏ పార్టీ అయినా, ఏ ప్రధాని అయినా, జనానికి విసుగొచ్చినప్పుడు ఆ విసుగు ఎక్కడికి పోతుంది? రాజ్యాంగంలో దానికి దారి ఉందా?

ఇప్పటి వాళ్ల గురించి మాట్లాడితే పది నిమిషాల్లో మీరు రెండు జట్లు అయిపోతారు. అందుకే మన మనిషినే తీసుకుంటా. తెలుగువాళ్లలో ప్రధాని అయింది ఒక్కరే, పీవీ నరసింహారావు. ఇంకో కారణం కూడా ఉంది. మా ఇంట్లో పీవీ పేరెత్తితే ఈ రోజుకీ గొడవే. మా నాయన జీడిమెట్లలో ఒక కంపెనీలో ఫిట్టర్. కంపెనీ పేరు ఎందుకులెండి. బయటి నుంచి వచ్చే సరుకు చవకైపోయి 1990ల మధ్యలో అది మూతపడింది. మా మేనమామ సాఫ్ట్‌వేర్‌లో బాగా సంపాదించాడు. ఆయనకి పీవీ దేవుడు. పండగకి ఇద్దరూ ఒకే బంతిలో కూర్చుంటే మా అమ్మ ముందే చెప్తుంది, "అన్నం తిన్నంక కొట్లాడుకోండి" అని.

సరే, మొదటి విషయం. మనం ప్రధానికి ఓటు వెయ్యం. మన మల్కాజ్‌గిరిలో వేసే ఓటు ఎంపీకి. లోక్‌సభలో సగానికంటే ఎక్కువ మంది ఎవరి వెనక ఉంటే ఆయన ప్రధాని. ఆర్టికల్ 75 ఏం చెప్తుందంటే, మంత్రివర్గం మొత్తం లోక్‌సభకి జవాబుదారీ అని. లోక్‌సభకి అన్నది గమనించండి. నేరుగా మనకి కాదు. కాబట్టి "వెనక్కి పిలిచే హక్కు" అంటే రీకాల్, అది మనకి లేదు. ఉన్నది అవిశ్వాస తీర్మానం. 50 మంది ఎంపీలు లేచి నిలబడితే దాన్ని చర్చకి తీసుకుంటారు. ఓటింగ్‌లో ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో ఓడినా దిగిపోవాల్సిందే. విశ్వాస పరీక్షలో ఓడినా అంతే. ఒక్క ఓటు అనేది ఊరికే అనట్లేదు, 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో అట్లనే పడిపోయింది.

ఇప్పుడు పీవీ దగ్గరికి వద్దాం. 1991 ఎన్నికల్లో ఆయన అసలు పోటీయే చెయ్యలేదు. వయసు 70 దగ్గరికి వచ్చింది, గుండె ఆపరేషన్ అయింది, పుస్తకాలు సర్దుకుని హైదరాబాద్ వచ్చేద్దామనే ఆలోచనలో ఉన్నాడు. మే 21న శ్రీపెరంబుదూర్‌లో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. జూన్ 21న పీవీ ప్రధానిగా ప్రమాణం చేశాడు. అంటే జనం ఎవరినైతే ఎంపీగా కూడా ఎన్నుకోలేదో, ఆయన ప్రధాని. పైగా కాంగ్రెస్‌కి మెజారిటీ లేదు. ఆరు నెలల్లోపు ఏదో ఒక సభలో సభ్యుడు కావాలి, లేకపోతే పదవి పోతుంది, అది రూల్.

నవంబర్‌లో నంద్యాల ఉప ఎన్నిక వచ్చింది. అక్కడి ఎంపీ గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి సీటు ఖాళీ చేశాడు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ టీడీపీ అభ్యర్థినే పెట్టలేదు. ఈ రోజుల్లో ఊహించండి! పీవీ 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీతో గెలిచాడు. మా మామ ఈ పాయింట్ దగ్గర ఎప్పుడూ ఛాతీ పొంగిస్తాడు. మా నాయన మాత్రం, "ఎదురుగ గట్టిగ నిలబడెటోడే లేకపాయె, ఆ మెజారిటీ ఏం లెక్క?" అంటాడు. నాకైతే ఇద్దరూ సగం సగం కరెక్టే అనిపిస్తుంది.

ఆయన కుర్చీ ఎక్కేనాటికి దేశం దగ్గర విదేశీ డబ్బు రెండు మూడు వారాల దిగుమతులకి సరిపడా మాత్రమే ఉంది. మన ఫోన్‌పేలో ఐదొందలు ఉన్నాయి, నెల మాత్రం ఇంకా ఇరవై రోజులు ఉంది అన్నట్టు. జూలైలో సుమారు 47 టన్నుల బంగారం విదేశీ బ్యాంకుల్లో తాకట్టు పెట్టాల్సి వచ్చింది. జూలై 1న, 3న రెండు విడతల్లో రూపాయి విలువ తగ్గించారు. జూలై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్. లైసెన్సుల రాజ్యం చాలావరకు పోయిందని మనం చదువుకుంటాం కదా, అదే రోజు. కానీ అదే బడ్జెట్‌లో ఎరువుల రేట్లు 40 శాతం పెంచుతామన్నారు. పెట్రోలు, గ్యాస్ కూడా పెరిగాయి. మా నాయనమ్మకి అప్పుడు ఇక్కడే రెండెకరాల వరి ఉండేది. ఇప్పుడు అదే చోట అపార్ట్‌మెంట్ ఉంది, లెండి. ఆమెకి లైసెన్స్ రాజ్ ఏం తెలుసు? యూరియా బస్తా రేటు తెలుసు. "మనోడు మనోడు అన్నరు, మనకే పెట్టిండు" అనేదట.

ఇక్కడ ఒక ఇంట్రెస్టింగ్ సంగతి. జనం కోపం ఆ బడ్జెట్‌ని కొంచెం మార్చింది. ఎట్లా? రైతులు ఢిల్లీకి పోయి కాదు. కాంగ్రెస్ ఎంపీలే భయపడ్డారు. ఊళ్లకి పోయి మొహం చూపించలేమని సొంత పార్టీలోనే తిరగబడ్డారు. 40 శాతం కాస్తా 30 అయింది, చిన్న రైతులకి మినహాయింపు అన్నారు. అంటే మన కోపం ప్రధాని దాకా పోవాలంటే మధ్యలో ఒక వైర్ ఉంది. ఆ వైర్ పేరు మన ఎంపీ. ఎంపీకి మళ్లీ గెలవాలన్న భయం ఉంటేనే అందులో కరెంట్ పారుతుంది.

ఆ వైర్‌ని ఎట్లా కట్ చెయ్యొచ్చో కూడా పీవీ కాలమే చూపించింది. ఇదే ఈ రోజు అసలు పాయింట్, కొంచెం స్లోగా చెప్తా.

1992లో రెండు పెద్ద దెబ్బలు. హర్షద్ మెహతా షేర్ల కుంభకోణం, డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చివేత. ఆ తర్వాత దేశంలో చాలాచోట్ల, ముఖ్యంగా ముంబైలో రక్తం పారింది. యూపీ ప్రభుత్వం మాట ఇచ్చింది, మేము నమ్మాం అన్నది పీవీ వాదన. ఇంత పెద్ద దేశానికి ప్రధానివి, ముందే చూసుకోవాలి కదా అన్నది జనం ప్రశ్న. ఈ విషయంలో నేను జనం వైపే. మాట నమ్మడం మామూలు మనిషికి మంచి గుణం. చేతిలో కేంద్ర బలగాలు ఉన్నవాడికి అది సరిపోదు.

1993 జూలై 28న అవిశ్వాస తీర్మానం ఓటింగ్‌కి వచ్చింది. తీర్మానానికి 251, వ్యతిరేకంగా 265. ప్రభుత్వం బతికింది. 14 ఓట్లు! తర్వాత బయటపడిన ఆరోపణ ఏంటంటే, జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకీ, ఇంకొందరికీ డబ్బులిచ్చి ఓట్లు కొన్నారని. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1998లో ఐదుగురు జడ్జిలు 3–2తో తీర్పు ఇచ్చారు. అది వింటే మీ బుర్ర తిరుగుతుంది. సభలో వేసిన ఓటు మీద ఏ కోర్టులోనూ కేసు పెట్టరాదని ఆర్టికల్ 105 చెప్తుంది కాబట్టి, లంచం తీసుకుని ఓటేసిన ఎంపీకి రక్షణ ఉందట. అదే లంచం తీసుకుని ఓటు వెయ్యకుండా ఆగిపోయిన ఎంపీకి రక్షణ లేదట! అంటే నిజాయితీగా అమ్ముడుపోయినవాడు సేఫ్, మోసం చేసి అమ్ముడుపోయినవాడు దొరికిపోతాడు. లంచం ఇచ్చినవాళ్లకి మాత్రం రక్షణ లేదన్నారు. ఆ కేసులో 2000లో కింది కోర్టు పీవీకి శిక్ష వేసింది. 2002లో ఢిల్లీ హైకోర్టు, అప్రూవర్ సాక్ష్యం నమ్మదగ్గది కాదని కొట్టేసింది. కాబట్టి ఆయన దోషి అని ఎవరైనా రీల్ చేస్తే నమ్మకండి, చట్టం ప్రకారం ఆయన నిర్దోషి.

ఆ 1998 తీర్పు 26 ఏళ్లు బతికింది. 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు జడ్జిలు ఏకగ్రీవంగా దాన్ని తీసి పక్కన పెట్టారు. ఇప్పుడు లంచం తీసుకుని ఓటేసినా, ప్రశ్న అడిగినా కేసు ఉంటుంది. నా లెక్కలో మన దేశంలో నాయకుల ప్రమాణాలు ఒక మెట్టు పైకి ఎక్కిన రోజు అది. ఆ రోజు మన ట్రెండింగ్‌లో ఏముందో గుర్తుందా? నాకూ గుర్తులేదు.

ఇంకో చిక్కుముడి ఉంది. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చింది. పార్టీ విప్ ఇచ్చాక దానికి ఎదురు ఓటేస్తే ఎంపీ పదవి పోవచ్చు. ఆయారాం గయారాంలని ఆపడానికి తెచ్చారు, మంచి ఉద్దేశమే. కానీ దాంతో సొంత ప్రధాని మీద కోపం ఉన్న ఎంపీ నోరు కూడా మూతపడింది. బ్రిటన్‌లో చూడండి, 2022లో లిజ్ ట్రస్ 49 రోజులకే దిగిపోయింది. ఆమెని దించింది ప్రతిపక్షం కాదు, సొంత పార్టీ ఎంపీల ఒత్తిడి. అక్కడ విప్ దాటితే పార్టీ కోప్పడుతుంది, బయటకి పంపిస్తుంది, కానీ ఎంపీ సీటు పోదు. మా మామ అంటాడు, "గట్లయితే మనకాడ నెలకో ప్రధాని వస్తడు రా" అని. ఆ భయం నిజమే. కాకపోతే ప్రభుత్వం పడిపోయే ఓట్లకి మాత్రమే విప్ పెట్టి, మామూలు బిల్లులకి ఎంపీని ఫ్రీగా వదిలేస్తే ఏం పోతుంది? ఇది నా ఒక్కడి ఐడియా కాదు, చాలా ఏళ్లుగా పెద్దవాళ్లు అంటున్నదే.

రూల్స్ ఒకటైతే సిగ్గు ఇంకొకటి. 1956 సెప్టెంబర్‌లో మన జడ్చర్ల – మహబూబ్‌నగర్ మధ్య రైలు వంతెన కూలి వంద మందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చాడు, నెహ్రూ వద్దన్నాడు. నవంబర్‌లో తమిళనాడు అరియలూర్‌లో ఇంకో ప్రమాదం. ఈసారి రాజీనామా ఇచ్చి నిజంగానే వెళ్లిపోయాడు. ఏ చట్టమూ ఆయన్ని పొమ్మనలేదు. మంత్రి రాజీనామా చేస్తే పట్టాలు బాగుపడతాయా అంటే, పడవు. కానీ పైవాడి కుర్చీకి కూడా రిస్క్ ఉందని తెలిస్తే కిందివాడు బోల్టు సరిగ్గా బిగిస్తాడు. ఈ మాట మా నాయనది, ఫిట్టర్ కదా.

జనం లెక్క చివరికి బ్యాలెట్ దగ్గరే తేలింది. 1994లో మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో టీడీపీకి 216 సీట్లు, ప్రధాని సొంత రాష్ట్రంలో కాంగ్రెస్‌కి 26. 1996 లోక్‌సభలో దేశం మొత్తం మీద కాంగ్రెస్ 140కి పడిపోయింది. పీవీ మాత్రం నంద్యాల, ఒడిశాలోని బరంపురం రెండు చోట్లా గెలిచాడు. 1998లో సొంత పార్టీయే ఆయనకి టికెట్ ఇవ్వలేదు. 2004 డిసెంబర్ 23న ఢిల్లీలో చనిపోతే, శవాన్ని కాంగ్రెస్ ఆఫీస్ గేటు బయటే కాసేపు ఉంచి, హైదరాబాద్ పంపించారు. హుస్సేన్ సాగర్ ఒడ్డున దహనం చేశారు. నెక్లెస్ రోడ్డు మీద పోతే జ్ఞానభూమి కనపడుతుంది, అదే.

2024 ఫిబ్రవరి 9న ఆయనకి భారతరత్న ప్రకటించారు. ఆ రోజు మామ స్వీట్ల డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చాడు. మా నాయన ఒక ముక్క తీసుకున్నాడు, తిన్నాడు. "దేశాన్ని నిలబెట్టిండు, కాదన. మరి మా కంపెనోళ్లు మూడొందల మందికి ఇంకో పని చూపెట్టాల్సింది ఎవరు బావా?" అని అడిగాడు. మామ దగ్గర జవాబు లేదు. టీవీ సౌండ్ పెంచాడు.

అప్పుడు మూతపడ్డ కంపెనీల కార్మికులకి చట్టం ప్రకారం ఏం రావాలి, ఎంత వచ్చింది అనేది వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా. మా నాయన దాచిన పాత కాగితాలు అడిగి తెస్తున్నా. బోర్ వాళ్లు కూడా ఆపినట్టున్నారు, నీళ్లు పడ్డాయో లేదో చూసొస్తా. ఉంటా మరి.