ఆరుగురు అమ్మాయిలు, ఒక తెరచాప పడవ, 254 రోజులు

బొగ్గుకీ తెరచాపకీ పాత పోటీ. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక బొగ్గుతో నడిచే స్టీమర్లు తెరచాప ఓడల పనిని మెల్లమెల్లగా లాగేసుకున్నాయి. మా ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకాలు మొదలయ్యేనాటికి గాలిని నమ్ముకున్న ఓడల కాలం వాలిపోతోంది. అందుకేనేమో, బొగ్గుట్ట కుర్రాడిగా నాకు ఈ కథ మరీ నచ్చింది.

2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ‘తారిణి’ అనే 55 అడుగుల పడవ బయల్దేరింది. అందులో ఆరుగురు నేవీ ఆఫీసర్లు, అందరూ మహిళలే. ఇద్దరు మన తెలుగువాళ్లు: విశాఖకి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కి చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. కెప్టెన్ వర్తికా జోషి. మిగతావాళ్లు ప్రతిభా జమ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా. పని ఒక్కటే: తెరచాప మీద భూమి చుట్టి రావడం. మన దేశంలో అంతకుముందు అందరూ మహిళలే ఉన్న టీమ్ ఏదీ ఈ పని చేయలేదు.

పడవ వెనక ఓ డచ్చాయన

తారిణిని కట్టింది గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డ్. డిజైన్ మాత్రం నెదర్లాండ్స్‌ది, పేరు ‘టోంగా 56’. వాన్ డి స్టాట్ (1910-1999) అనే ఆయన పెట్టిన ఆఫీసు నుంచి వచ్చింది. నడిసముద్రం రేసు పడవల్ని మార్చేసినవాళ్లలో ఆయనొకరు.

అంతకుముందు రేసు పడవలకి అడుగున బరువైన కీల్ దాదాపు ముందు నుంచి వెనక దాకా సాగేది. చుక్కాని దాని చివరకే అతికి ఉండేది. ఈయన 1949లో ఓ ప్లైవుడ్ వ్యాపారి కోసం గీసిన ‘జేవాల్క్’ పడవలో కీల్‌ని చేప రెక్కలా పొట్టిగా, లోతుగా చేశాడు. చుక్కానిని విడదీసి వెనక్కి జరిపాడు. ఒళ్లంతా ప్లైవుడ్డే. నీటి ఒరిపిడి తగ్గింది, బరువు తగ్గింది, స్పీడ్ పెరిగింది. ఇవాళ్టి రేసు పడవల్లో ఎక్కువ వాటికి ఇదే లెక్క.

సముద్రంలో హెల్ప్‌లైన్ ఉండదు

మా ఆఫీసులో సర్వర్ పడిపోతే టికెట్ పెట్టి టీకి వెళ్లొచ్చు. దక్షిణ మహాసముద్రంలో అలా కుదరదు. చినిగిన తెరచాప కుట్టేదీ, పాడైన పంపు విప్పేదీ ఆ ఆరుగురే. అందుకే ఒంటరిగా భూమి చుట్టిన మొదటి భారతీయుడు దిలీప్ దోండే దగ్గర వాళ్లు ముందే తర్ఫీదు తీసుకున్నారు. కెప్టెన్ వర్తిక స్వయంగా ఓడల నిర్మాణం చదివిన ఇంజినీర్.

ఫ్రీమాంటిల్, లిటిల్టన్ రేవుల్లో ఆగి పసిఫిక్ దాటారు. దారిలో గంటకి 110 కిలోమీటర్ల గాలి, ఏడు మీటర్ల అలలు, అంటే రెండంతస్తుల ఇల్లంత. 2018 జనవరిలో కేప్ హార్న్ చుట్టారు. సెయిలర్లు ఎవరెస్ట్‌తో పోల్చే చోటు అది. తర్వాత పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్. ఇక ఇల్లు దగ్గరపడిందనుకునేసరికి హిందూ మహాసముద్రంలో స్టీరింగ్ దెబ్బతింది. ప్లాన్‌లో లేకపోయినా మారిషస్‌లో ఆగి, బాగు చేయించుకుని మళ్లీ తెరచాప ఎత్తారు.

మే 21న గోవా చేరారు. మొత్తం 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 40 వేల కిలోమీటర్లు.

అదే పడవ, మళ్లీ

పడవ పేరు ఒడిశా గంజాం జిల్లాలోని తారాతారిణి అమ్మవారిది. తారిణి అంటే దాటించేది. పేరు నిలబెట్టుకుంది కూడా. 2024 అక్టోబర్‌లో దిల్నా, రూప అనే ఇద్దరు ఆఫీసర్లు ఇదే పడవలో బయల్దేరి 2025 మేలో భూమి చుట్టి తిరిగొచ్చారు. ఈసారి ఇద్దరే!

‘మనకి సముద్రమే లేదు కదా’ అంటారా? హైదరాబాద్‌కీ లేదు. అయినా హుస్సేన్‌సాగర్ మీద సెయిలింగ్ పోటీలు జరుగుతున్నాయి. అక్కడి యాట్ క్లబ్ పేదింటి పిల్లలకీ పడవ నడపడం నేర్పుతోంది. ఖమ్మం నుంచి హైదరాబాద్‌కి బస్సులో ఒక్క రాత్రి కూడా పట్టదు. మీ ఇంట్లో ఓ చెల్లో తమ్ముడో నీళ్లంటే ప్రాణం పెడితే, ‘మునిగిపోతావ్, జాగ్రత్త’ అనే ముందు ఈత నేర్పించండి. తర్వాతి మాట గాలి చూసుకుంటుంది.