పొలంలో అడవి పందిని కాల్చాలంటే: అనుమతి నుంచి పూడ్చే వరకు

మొక్కజొన్న కంకి పాలు పోసుకునేటప్పుడు, వేరుశనగలో ఊడలు దిగి కాయ ఊరేటప్పుడు అడవి పందుల బెడద ఎక్కువ. మంద ఒక్క రాత్రి దిగితే తిన్నదానికంటే తొక్కి పడేసిందే ఎక్కువగా ఉంటుంది. అందుకే ప్రతి సీజన్‌లో రైతులు అడిగే ప్రశ్న ఒకటే: ఈ పందిని చంపవచ్చా, చంపితే తర్వాత ఏం చేయాలి?

చంపవచ్చు. కానీ రాతపూర్వక అనుమతి ఉండాలి, ఆ అనుమతిలో పేరున్న షూటరే కాల్చాలి. పడిన పంది మాత్రం మీది కాదు, ప్రభుత్వానిది. ఈ చివరి మాట తెలియకే చాలామంది కేసుల్లో ఇరుక్కుంటున్నారు.

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అడవి పంది రెండో షెడ్యూల్‌లో ఉంది. అనుమతి లేకుండా చంపినా, మాంసం దగ్గర పెట్టుకున్నా 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయితే ఇదే చట్టంలోని 11వ సెక్షన్ పంటకు నష్టం చేసే జంతువును చంపడానికి దారి కూడా చూపించింది. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. అడవి పంది మీదికి దూకినప్పుడు ప్రాణం కాపాడుకోవడానికి చంపితే నేరం కాదు. కానీ ఉచ్చు పెట్టడానికి వెళ్లి పంది ఎదురు తిరిగిందంటే ఆ రక్షణ వర్తించదు.

దరఖాస్తు అటవీ రేంజ్ అధికారికి ఇవ్వండి. సర్వే నంబరు, పంట, విస్తీర్ణం, నష్టపోయిన తేదీలు రాయండి. అడుగుజాడలు, తవ్విన గుంటలు, విరిగిన కర్రలు కనిపించేలా ఉదయం ఎండ ముదరక ముందే ఫోటోలు తీయండి. మీ ఏఈఓను పొలానికి పిలిచి నష్టం రాయించుకోండి. ఒక్కరుగా కాకుండా పక్క పక్క పొలాల రైతులు కలిసి ఇస్తే మంచిది, ఎందుకంటే పందికి గట్టు హద్దు తెలియదు. నోటిమాట అనుమతిని నమ్మకండి. కాగితం చేతికి వచ్చాక గడువు ఎంత, ఎన్ని పందులు, ఏ పరిధి అన్నది చదివించుకోండి.

అనుమతి రావడానికి రోజులు పడుతుందని కరెంటు తీగ పరిచేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. రాత్రి మోటారు వేయడానికి వెళ్లే పక్క రైతు, పొద్దున్నే గడ్డికి వచ్చే ఆడమనిషి ఆ తీగ మీదే కాలు పెడతారు. మనిషి పోతే పరిస్థితిని బట్టి భారతీయ న్యాయ సంహిత 105 లేదా 106 సెక్షన్ కింద కేసు అవుతుంది. నాటు బాంబు కొరికి దవడ పగిలిన ఆవును చూసినవాళ్లు దాని జోలికి మళ్లీ పోరు. ఇక ఉచ్చుల సంగతి. కవ్వాల్, ఆమ్రాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పంది నడిచే దారినే చిరుత, పులి కూడా నడుస్తాయి. అవి చిక్కితే శిక్ష 3 నుంచి 7 ఏళ్లు.

షూటర్ వచ్చే రోజు

బోరు, గుడిసె, బండ్ల బాట, మంచె ఎక్కడున్నాయో పగలే షూటర్‌కు తిప్పి చూపించండి. గురి తప్పిన తూటా చాలా దూరం పోతుంది. ఆ రాత్రి ఎవరూ కావలికి వెళ్లకూడదని ఊళ్లో చాటింపు వేయించండి, పశువులను ఇంటి దగ్గరే కట్టేయండి. దెబ్బ తగిలి పొదల్లోకి పోయిన పందిని చీకట్లో వెతకవద్దు. గాయపడ్డ మగపంది కోరలతో తొడ చీల్చేస్తుంది. వెతకడం తెల్లారాక, షూటర్, అటవీ సిబ్బంది ముందు నడవగా జరగాలి.

పంది పడ్డాక

పడిన చోటు నుంచి కదపకుండా బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి. ఆడదా మగదా, ఎక్కడ పడింది అన్నది పంచనామాలో రాసుకున్నాకే ముందుకు పోవాలి. ఉత్తర్వులో ఎలా రాసి ఉంటే అలాగే పారవేయాలి. పూడ్చమంటే బావికి, బోరుకు, వాగుకు దూరంగా 6 అడుగుల గుంత తీయించండి. అడుగున సున్నం చల్లి, కళేబరం మీద మళ్లీ సున్నం వేసి, కుక్కలు తవ్వకుండా మట్టి గట్టిగా తొక్కించండి.

ఇంత మాంసం మట్టిపాలు చేయడమా అని ఊళ్లో పెద్దలు అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం లేదని నేను అనను. కానీ పోగులు వేసి పంచుకోవడానికి వీలుంటే పంట కోసం మొదలైన కాల్పులు మాంసం కోసం సాగుతాయి. టెక్సస్‌లో పందిని కాల్చి కోసి వండుకునే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. అక్కడ అది బయటి నుంచి వచ్చి పెరిగిపోయిన జంతువు, చట్టం వేరు. ఇక్కడ పోగు కొన్నవాడి మీద కూడా కేసు పడుతుంది.

రోగాల భయమూ ఉంది. ట్రైకినెల్లా అనే పురుగు అడవి పంది కండలో ఉండవచ్చు, ఎండబెట్టినా పొగబెట్టినా చస్తుందన్న నమ్మకం లేదు. 2020లో మన దేశంలోకి వచ్చిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మనిషికి సోకదు గానీ పెంపుడు పందులను దొడ్డికి దొడ్డే తుడిచేస్తుంది, దానికి మందు లేదు. పందులు పెంచేవాళ్లు కళేబరం దగ్గరికి పోనే కూడదు. తూటా దెబ్బ లేకుండా పందులు చచ్చి పడి ఉంటే ముట్టుకోకుండా పశువైద్యాధికారికి చెప్పండి. పూడ్చేవాళ్లు చేతి తొడుగులు వేసుకోవాలి. ఒళ్లు చల్లబడే కొద్దీ పిడుదులు కళేబరాన్ని వదిలి మనుషుల మీదికి ఎక్కుతాయి కాబట్టి ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్లలో వేసి స్నానం చేయాలి.

ఒకటి రెండు పందులు పడినంత మాత్రాన మంద రావడం ఆగదు. వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం నాలుగు వరుసలు దట్టంగా వేస్తే కొంతవరకు ఆపుతాయి. సోలార్ కంచె పెట్టుకున్నవాళ్లు తీగకు గడ్డి తగలకుండా కోస్తూ ఉండాలి. గడ్డి తగిలితే షాక్ తగ్గిపోతుంది, పంది అది వెంటనే పసిగడుతుంది.