వంటాముదము: కోత నుండి సీసా వరకు

“ఏ చెట్టును లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షము” అని మనవారు చులకనగా అందురు. ఆయుర్వేదము మాత్రము ఏరండమును అట్లు చూడలేదు. వాతహర ద్రవ్యములలో దానికి పెద్దపీట వేసినది. ఆకు చేతివ్రేళ్ళవలె చీలియుండుటచే దీనికి గంధర్వహస్తమను పేరు కూడ కలదు. పాలమూరు, నల్లగొండ మెట్టచేలలో వర్షాధారముగ పండు ఈ పంటనుండి ఇంటనే తైలము తీయు విధమును, వాడుకలోని జాగ్రత్తలను తెలిసికొందము.

కోత

ఆముదపు గెలలన్నియు ఒకేసారి పండవు. విత్తిన మూడు నెలలకు మొదటి గెల, ఆపై 25–30 రోజుల కొకమారు తక్కినవి కోతకు వచ్చును. కాయలు పచ్చదనము వీడి గోధుమవన్నెకు తిరిగినపుడు కోయవలెను. పచ్చిగా కోసినచో గింజ తాలుపోయి తైలము తగ్గును. గెలలను కళ్ళములో బాగుగ ఎండబెట్టి, కఱ్ఱలతో కొట్టి, చెరిగి గింజలను వేరుచేయుదురు.

వండు విధము

మా గురువుగారి యింట ఏటేట ఈ పని శిష్యులదే. గింజలను మంగలములో దోరగ వేయించి, రోట మెత్తగ దంచి, ఆ ముద్దకు నాలుగింతల నీరు చేర్చి పెద్ద కుండలో మరిగించెడివారము. నూనె పైకి తేలగానే గరిటెతో నెమ్మదిగ తీసి వేరొక పాత్రలో పోసి, సన్నని సెగపై మరల కాచవలెను. చిటపట శబ్దము ఆగినచో నీరు ఇగిరినదని గుర్తు. చల్లార్చి, గుడ్డతో వడగట్టి, తడిలేని సీసాలో పోయవలెను. గింజ బరువులో దాదాపు సగము తైలమే యైనను, ఈ పద్ధతిలో అంతయు చేతికి రాదు.

మరిగించుటలో మరియొక ప్రయోజనము కలదు. గింజలోని రిసిన్ అను తీవ్రవిషము నూనెలో కరగదు, వేడికి నశించును. పచ్చిగింజలను పిల్లలకు అందనీయరాదు. నమిలినచో ప్రాణాపాయము; వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. మిగిలిన పిండిని పశువులకు పెట్టక చెట్ల పాదులలో పూడ్చవలెను.

వాడుక

మలబద్ధమునకు, వాతనొప్పులకు శొంఠి కషాయముతో వైద్యుడు చెప్పిన మోతాదున పరగడుపున పుచ్చుకొనవలెను. 2–6 గంటలలో విరేచనమగును. పగిలిన మడమలకు పైపూతగ మేలుచేయును. దీపారాధనకని అమ్ము నూనెను త్రాగరాదు. ఇందలి రిసినోలిక్ ఆమ్లము ప్రేగులనే గాక గర్భాశయమును సైతము ముడుచుకొనజేయునని 2012లో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. కావున గర్భిణులు త్రాగరాదు. కారణము తెలియని కడుపునొప్పిలోను వలదు.

పసికందులకు వలదు

కొన్నేండ్ల క్రిందట ఒక అవ్వ పండ్రెండు రోజుల బిడ్డను నా యొద్దకు తెచ్చినది. బిడ్డ డొక్కలెగరవేయుచు ఊపిరి తీయుచుండెను. నోట ఉగ్గుగిన్నెడు ఆముదము, ముక్కున రెండు చుక్కలు పోసినదట. “మా పిల్లలందరికీ ఇట్లే పోసినానయ్యా” అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది. నేను మందు పెట్టె తెరువక, బండి పిలిపించి పిల్లల ఆసుపత్రికి పంపితిని. నూనె ఊపిరితిత్తులలోనికి దిగి నిమ్ము చేసినదని అచ్చటి వైద్యులు చెప్పిరి. పది రోజులకు బిడ్డ గండము గడచి ఇంటికి వచ్చినది.

ఉగ్గాముదము మా గురువుగారి యింటను పోసెడివారు. నేనును యౌవనమున కాదనలేదు. ఆ బిడ్డను చూచిన పిమ్మట ఏ తల్లికిని ఆ మాట చెప్పలేదు. పెద్దలు నేర్పిన వంటాముదమును నేటికిని వండుకొనుచున్నాను. పసికందు నోటికి, ముక్కుకు మాత్రము దానిని దూరముగ నుంచుడు.