మీకు తెలుసా? ఉప్పునీటి అక్వేరియంలో నైట్రేట్ సంగతులు

నీళ్లు తేటగా ఉంటాయి, చేపలు హుషారుగా తిరుగుతుంటాయి. టెస్టు చేసి చూస్తే మాత్రం నైట్రేట్ లీటరుకు 40, 50 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్న చాలామందికి ఎదురయ్యేదే ఇది. రంగూ వాసనా లేని ఈ నైట్రేట్ ఎక్కడి నుంచి వస్తుందో, ఏ దారిన బయటికి పోతుందో తెలుసుకుంటే అదుపు చేయడం మన చేతిలో పనే.

1. గ్రాము మేతలో ఎంత నైట్రేట్ దాగుందో తెలుసా?
ప్రోటీన్ బరువులో సుమారు 16 శాతం నత్రజని. సగం ప్రోటీన్ ఉన్న ఎండు మేత ఒక గ్రాము వేస్తే 80 మిల్లీగ్రాముల నత్రజని తొట్టెలోకి వెళ్లినట్టే. అదంతా నైట్రేట్‌గా మారితే దాదాపు 350 మిల్లీగ్రాములవుతుంది. అంటే 100 లీటర్ల తొట్టెలో లీటరుకు 3.5 మిల్లీగ్రాములు పెరిగినట్టు. చేప ఒంటికి పట్టేది కొంతే. మిగతాది మొప్పల నుంచి అమ్మోనియాగానో, మలంగానో నీళ్లలోకే వస్తుంది. అందుకే అదుపు మేత డబ్బా దగ్గరే మొదలుకావాలి. రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేయండి.

2. నైట్రేట్‌ను తయారుచేసేది మన ఫిల్టరే!
ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ సంగతి 1890 ప్రాంతంలోనే రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ తేల్చారు. అమ్మోనియా, నైట్రైట్ చేపల ప్రాణం తీసేవి. వాటితో పోలిస్తే నైట్రేట్ చాలా నయం. కాబట్టి ఫిల్టర్ మేలే చేస్తోంది. కానీ ఈ బ్యాక్టీరియా పని నైట్రేట్ దగ్గరే ఆగిపోతుంది. ఫిల్టర్ స్పాంజిలో ఇరుక్కున్న మేత, మలం వారాల తరబడి కుళ్లుతుంటే నైట్రేట్ ఇంకా పెరుగుతుంది. స్పాంజిని తరచుగా, తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే కడగాలి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ మేలుచేసే బ్యాక్టీరియాను చంపేస్తుంది.

3. నీళ్లు ఆవిరైనా నైట్రేట్ పోదు
ఆవిరయ్యేది నీరొక్కటే. ఉప్పూ నైట్రేటూ తొట్టెలోనే మిగులుతాయి. తగ్గిన మేర మంచినీళ్లు కలపడం అవసరమే గానీ, అది నీళ్లు మార్చినట్టు కాదు.

4. వారం వారం నీళ్లు మార్చినా అంకె ఎందుకు దిగదు?
వారానికి లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రేట్ చేరే తొట్టె ఉందనుకుందాం. వారానికోసారి ఐదో వంతు నీళ్లు మారిస్తే అది చివరికి 40, 50 మధ్యే తిరుగుతుంటుంది. 50కి చేరినప్పుడు ఐదో వంతు తీస్తే 40; వారం గడిచేసరికి మళ్లీ 50. లెక్క అక్కడే కుదురుకుంటుంది. దిగాలంటే చేరేది తగ్గాలి, లేదా పోయే దారి ఇంకొకటి ఉండాలి. నీళ్లు మార్చడం ఒక్కటే చాలకపోవడానికి కారణం ఇదే.

5. కొత్త నీళ్లతోనే నైట్రేట్ రావచ్చు
మన దేశంలో తాగునీటిలో నైట్రేట్‌కు అనుమతించిన పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. ఎరువుల వల్ల, మురుగు వల్ల తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో చాలాచోట్ల బోరు నీళ్లు ఆ పరిమితినీ దాటుతున్నాయి. అలాంటి నీళ్లలో సముద్రపు ఉప్పు కలిపి పోస్తే ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. ఉప్పు కలపకముందే ఆ నీటిని టెస్టు చేయండి. ఆర్‌ఓ నీళ్లు వాడితే చాలా తేడా కనిపిస్తుంది.

6. నైట్రేట్ టెస్టు చూపేది నిజానికి నైట్రైట్‌ను!
చాలా కిట్లలోని మందు ముందు నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తుంది. ఆ తర్వాతే రంగు వస్తుంది. అందుకే నీళ్లలో ముందే నైట్రైట్ ఉంటే అంకె అబద్ధం చెబుతుంది. కొన్ని కిట్లలో మందు సీసా అడుక్కి దిగి గడ్డకడుతుంది. బాగా కుదపకుండా వేస్తే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. కిట్ ‘నైట్రేట్ నైట్రోజన్’ లెక్కలో చెబుతుంటే ఆ అంకెను 4.43తో గుణించాలి.

7. రాళ్లే నైట్రేట్‌ను గాలిలో కలిపేస్తాయి
సూక్ష్మరంధ్రాలున్న రాళ్ల లోపల, లోతైన ఇసుక అడుగున ఆక్సిజన్ ఉండదు. అక్కడి బ్యాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుని నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి. ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్లతోనే తొట్టెలు నడిపే పద్ధతిని 1961లో అక్వేరియం ప్రపంచానికి పరిచయం చేశారు. అయితే ఒక హెచ్చరిక: మన దేశంలో గట్టి పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. సముద్రం నుంచి పగడపు రాళ్లు తేవడం నేరం. సిరామిక్‌తో చేసిన సచ్ఛిద్ర రాళ్లు అదే పని చేస్తాయి.

8. స్కిమ్మర్ నైట్రేట్‌ను తీయదు
ప్రోటీన్ స్కిమ్మర్ సన్నటి గాలి బుడగలతో ప్రోటీన్లను నురగగా పైకి తెస్తుంది. కప్పులో టీ డికాక్షన్ రంగులో చేరే ఆ కంపు నీళ్లు ఇంకా కుళ్లని వ్యర్థాలే. నైట్రేట్ పుట్టకముందే దాని ముడిసరుకు బయటికి పోతుందన్నమాట. బుడగలకు అంటుకునే నూనె జిడ్డు కప్పు మెడలో పేరుకుంటే నురగ సరిగా ఎక్కదు. ఆ మెడను తరచూ తుడవండి.

9. నాచును పెంచి, కోసి పారేస్తే నైట్రేట్ తగ్గుతుంది
పక్క తొట్టెలో దీపం కింద కీటోమార్ఫా అనే నాచును పెంచుతారు. అది నైట్రేట్‌ను తిని పెరుగుతుంది. కోసి తీసేసినప్పుడే ఆ నత్రజని బయటికి పోయినట్టు. వదిలేసి కుళ్లనిస్తే అంతా వెనక్కే. ఆ నాచును కాలువలో, సముద్రంలో మాత్రం పారేయకండి. 1984లో మొనాకో తీరంలో కనిపించిన కలర్పా అనే అక్వేరియం నాచు మధ్యధరా సముద్రంలో విస్తారంగా పాకింది. 2000లో అమెరికాలోని కాలిఫోర్నియాలోనూ బయటపడితే పూర్తిగా తొలగించేసరికి 2006 అయింది.

10. రొయ్యల చెరువులో బెల్లం, అక్వేరియంలో వోడ్కా
మన కోస్తా రొయ్యల రైతులు తవుడు, బెల్లం, ఈస్ట్ పులియబెట్టి చెరువులో చల్లుతారు. పిండి, చక్కెరలు దొరికిన బ్యాక్టీరియా పెరిగి నీళ్లలోని నత్రజనిని తమ ఒంట్లోకి తీసుకుంటాయి. విదేశాల్లో అక్వేరియం అభిమానులు వోడ్కా, వెనిగర్ చుక్కలు వేయడంలో ఉన్న సూత్రమూ ఇదే. పెరిగిన బ్యాక్టీరియాను స్కిమ్మర్ బయటికి తోడేస్తుంది. మోతాదు మించితే నీళ్లు పాలలా మారి ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు పైకి వచ్చి రొప్పుతాయి. స్కిమ్మర్ లేనివాళ్లు దీని జోలికి పోకూడదు.

11. సున్నా కూడా మంచిది కాదు
పగడపు దిబ్బల దగ్గర సముద్రంలో నైట్రేట్ సాధారణంగా లీటరుకు అర మిల్లీగ్రాము కూడా ఉండదు. అయినా అక్కడ పగడాలకు తినడానికి సూక్ష్మజీవులు నిరంతరం కొట్టుకొస్తుంటాయి. తొట్టెలో అలా కాదు. నైట్రేట్ మరీ పెరిగితే పగడాల్లోని నాచు కణాలు ఎక్కువై అవి గోధుమ రంగుకు తిరుగుతాయి. మొత్తం పోతే వెలిసిపోతాయి, ఇసుక మీద జిగురు తెట్టు కడుతుంది. పగడాలున్న తొట్టెకు 2 నుంచి 10, చేపలొక్కటే ఉంటే 20, 30 వరకు ఫర్వాలేదన్నది అనుభవజ్ఞుల మాట.

అంకె ఎక్కువగా ఉందని ఒక్క రోజులో దించేయకండి. ఆ మార్పుకు తట్టుకోలేక చేపలు దెబ్బతింటాయి. ముందు మేత తగ్గించండి, తర్వాత స్పాంజి కడగండి, పోసే నీళ్లు పరీక్షించండి, ఆ పైన రాళ్లో నాచో ఆలోచించండి. ఒక్కోసారి ఒక్క మార్పే చేసి, వారానికోసారి అంకెను నోటుబుక్కులో రాసుకోండి. ఏది పనిచేసిందో ఆ అంకెలే చెబుతాయి.