చప్పుడు చేయని పనివాడు

ఆదివారం ఉదయం హైదరాబాదులోని ఆబిడ్స్‌కు ఎప్పుడైనా వెళ్ళారా? మూసివున్న దుకాణాల ముందు, కాలిబాటల మీద పాత పుస్తకాలు పరచి అమ్ముతుంటారు. పక్కనే నాంపల్లి. అక్కడి ఎగ్జిబిషన్ మైదానంలో ఏటా జనవరి 1న నుమాయిష్ ప్రారంభించడం ఆనవాయితీ. నాంపల్లి స్టేషన్ నుంచి రోజూ నిర్ణీత వేళలకు రైళ్ళు బయలుదేరుతాయి. ఒకటి వారానికోసారి, ఒకటి ఏడాదికోసారి, ఒకటి ప్రతిరోజూ. వేళ తప్పకుండా జరిగే పనులు ఇవన్నీ.

కంప్యూటరు చేత కూడా ఇలా వేళకు పనులు చేయించవచ్చా? తప్పకుండా చేయించవచ్చు.

కంప్యూటరు చేయవలసిన పనులను ఆదేశాలుగా వరుసగా రాసిపెట్టిన ఫైలును స్క్రిప్టు అంటారు. దాన్ని మనమే నడపవచ్చు. కాని తెల్లవారుజామున రెండున్నరకు రోజూ లేచి నడపాలంటే ఎవరికి సాధ్యం? అందుకే యునిక్స్ తరహా కంప్యూటర్లలో ‘క్రాన్’ అనే ప్రోగ్రాము ఉంటుంది. 1979లో వెలువడిన యునిక్స్ 7వ వెర్షన్‌లో ఇది ఉంది. కాలానికి గ్రీకు భాషలో ఉన్న ‘క్రోనోస్’ అనే మాట నుంచి దీనికా పేరు వచ్చింది. విండోస్‌లో ఇదే పనిని ‘టాస్క్ షెడ్యూలర్’ చేస్తుంది.

ఇలా తెర వెనుక పనిచేసే ప్రోగ్రాములను ‘డీమన్లు’ అంటారు. అణువులను వేరుచేసే ఒక భూతాన్ని మాక్స్‌వెల్ 1867లో ఊహించాడు. దాన్ని తలచుకొనే 1960లలో అమెరికాలోని ఎం.ఐ.టి. వారు ఈ పేరు పెట్టారు.

క్రాన్ నిమిషానికోసారి మేలుకొంటుంది. గడియారం చూస్తుంది, మనం రాసిచ్చిన పట్టిక చూస్తుంది. వేళ కుదిరిన పని ఉంటే మొదలుపెడుతుంది, లేకుంటే మళ్ళీ నిద్రపోతుంది. పట్టికలో ఒక్కో పనికి 5 గడులు ఉంటాయి: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. నక్షత్రం గుర్తు ఉంటే ‘ఏదైనా సరే’ అని అర్థం. ఆదివారానికి అంకె 0.

ప్రతిరోజూ తెల్లవారుజామున 2.30కి: 30 2 * * *
ప్రతి ఆదివారం ఉదయం 9కి: 0 9 * * 0
ఏటా జనవరి 1న ఉదయం 8కి: 0 8 1 1 *

అయితే క్రాన్‌కు సొంత తెలివి లేదు. మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ మృతికి సంతాపదినాలు పాటించినందున 2025లో నుమాయిష్ జనవరి 3న మొదలైంది. కారణం తెలుసు గనుక మనుషులు తేదీ మార్చుకున్నారు. క్రాన్ మాత్రం పట్టికలో ఉన్నట్లు 1వ తేదీనే పని చేసేస్తుంది. ఆ వేళకు కంప్యూటరు ఆపివుంటే, ఆ పని జరగదు.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. తెర వెనుక పని ఆగిపోతే మనకు తెలిసేదెలా? 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున ముఖ్యమైన సమాచారాన్ని చెరిపేశాడు. రోజూ నకలు తీసే ఏర్పాటు ఉంది కదా అని వెతికితే నకళ్ళే లేవు! నకలు తీసే ప్రోగ్రాము పాత వెర్షన్‌ది, డేటాబేసు కొత్తది. అందుచేత ఆ పని ప్రతిసారీ విఫలమవుతూనే ఉంది. ఆ సంగతి తెలపడానికి వెళ్ళిన ఈమెయిళ్ళు కూడా చేరకుండా తిరిగిపోయాయి. అదృష్టం కొద్దీ సుమారు 6 గంటల ముందు వేరే అవసరానికి తీసిన నకలు ఒకటి దొరికింది. ఆ తర్వాతి 6 గంటల సమాచారం మాత్రం పోయింది.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఏమిటి? చప్పుడు లేనంత మాత్రాన పని జరుగుతున్నట్లు కాదు. కాబట్టి పని ముగిసినప్పుడల్లా వేళను, ఫలితాన్ని ఒక ఫైలులో రాసేలా స్క్రిప్టును తయారుచేయాలి. దీన్ని ‘లాగ్’ అంటారు. ఆ ఫైలును మనం అప్పుడప్పుడు తెరచి చూడాలి. తీసిన నకలు నిజంగా తెరుచుకుంటుందో లేదో కూడా పరీక్షించాలి.

ఇక మీకొక లెక్క. ప్రతి నెలా 1వ తేదీ సాయంత్రం 6.30కి ఒక స్క్రిప్టు నడవాలి. 5 గడులలో ఏమేమి రాస్తారు? క్రాన్ గడియారానికి 24 గంటలని మరవకండి. ముందు మీరు రాసి, తరువాత సరిచూసుకోండి.

జవాబు: 30 18 1 * *